మూరెడు ఎడం

2022 అక్టోబరు. ఆయుధపూజ అయిన వారానికి చిత్తూరు దగ్గరి ఓ పల్లెలోని పాల శీతల కేంద్రానికి నన్ను హడావిడిగా పిలిపించారు. పాల ట్యాంకు వేడెక్కితే ఆపరేటర్ రెడ్డెమ్మ ఫోన్‌కు అలారం పంపే వైర్‌లెస్ లింకు నేను బిగించిందే. ముందురోజు రాత్రి కూలర్ ఆగింది. అలారం రాలేదు. ఊరి పాలన్నీ విరిగాయి.

దారిలోనే తిరుపతి నుంచి మా మేనేజర్ ఫోన్. “నీ ఫిట్టింగే తప్పు” అన్నాడు. ఆ కేంద్రం గడప కూడా తొక్కని మనిషి. ఆ మాట నేను మరిచిపోలేదు.

వెళ్లేసరికి పాలు పోసే ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. రెడ్డెమ్మను పనిలోంచి తీసేస్తానని పాల సంఘం సెక్రటరీ మునిరత్నం అరుస్తున్నాడు.

“ఫోను మోగలేదు సార్, ఒట్టు” అంది రెడ్డెమ్మ.

“గుర్రు పెట్టి నిద్రపోతే యాడ వినపడతాది?” అన్నాడు మునిరత్నం.

యాంటెనాలు చూద్దామని నిచ్చెనెక్కాను. మూరెడు ఎడంగా నేను బిగించిన రెండు యాంటెనాలు గంధం బొట్లతో, వాడిన బంతిపూల దండతో ఒకే కట్టుగా ఉన్నాయి.

“వీటినెవరు కలిపారు?”

“పూజకు దించి కడిగినాం గదప్పా. ఆడొకటి ఈడొకటి ఉంటే ఏం బాగుంటాది? జంటగా నేనే కట్టినా” అన్నాడు మునిరత్నం, నేను మెచ్చుకుంటాననుకున్నట్టు.

సిగ్నల్ ఒకే దారిలో రాదు. కొంత నేరుగా, కొంత పక్కనున్న గుట్టకూ కప్పు రేకులకూ తగిలి వస్తుంది. ఆ అలలు ఒకదాన్నొకటి చంపుకున్న చోట సిగ్నల్ పడిపోతుంది. అది ఫేడింగ్. మూరెడు పక్కన బాగానే ఉండవచ్చు. అందుకే రెండు యాంటెనాలను ఎడంగా పెడతాం. ఒకటి వినకపోయినా రెండోది వింటుంది. అది డైవర్సిటీ. కలిపి కడితే రెండూ ఒకేసారి చెవిటివవుతాయి. రాత్రి ఇంజిను పాడై ఆగిన పాల ట్యాంకర్ ఇంకా వాకిట్లోనే ఉంది. దాని ఇనుప ఒళ్లు అలల్ని తిప్పికొడుతోంది.

నేను దిగి, మునిరత్నాన్నే పైకెక్కించాను. యాంటెనాలు కలిసి ఉండగా టెస్ట్ బటన్ నొక్కాను. రెడ్డెమ్మ చేతిలో ఫోన్ మోగలేదు. ఎడం చేయమన్నాను. మోగింది. మళ్లీ కలపమన్నాను. మోగలేదు.

“సెక్రటరీ, ఇంగ సెప్పబ్బా, నిద్రపోయింది ఎవురో!” అంది ఓ ముసలామె. అందరూ నవ్వారు. రెడ్డెమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మునిరత్నం దిగివచ్చి, “పోమ్మా, ట్యాంకు కడుగు. సాయంత్రం పాలొస్తాయి” అన్నాడు. ఆమె పని నిలిచింది. తప్పయిందని మాత్రం అతను అనలేదు. మేనేజరూ అంతే. ఫోటోలు పంపితే “ఓకే” అని జవాబిచ్చాడు.

ఇప్పుడు ఎక్కడ బిగించినా, ఆ ఎడం ఎందుకో గోడ మీద తెలుగులో రాసి వస్తాను. ఎవరైనా ఫోను మోగలేదంటే, మోగలేదనే నమ్మి నిచ్చెనెక్కుతాను.