ఇటలీకి కారప్పొడి

మా పెళ్ళయిన పాతికేళ్ళకు, దక్షిణ ఇటలీ సముద్ర తీరమంతా వారం రోజులు తిరిగొద్దామన్నారు మావారు. బయల్దేరే ముందు ఒకరోజు గుంటూరులోని మా ఫ్లాట్‌లో, హాల్లో కూర్చుని ఏ ఊరికి ఏ బస్సో ఫోన్లో చూస్తున్నారు. అక్కడి చప్పిడి తిండి తినలేమని నేను వంటింట్లో కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. పక్క ఫ్లాట్‌లో ప్రార్థన కూడిక జరుగుతోంది. పాపం, వాళ్ళకు దగ్గొస్తుందని తలుపులూ కిటికీలూ అన్నీ మూసేశాను.

"ఘాటొస్తోందండీ, కాసేపు బయటికెళ్ళండి" అన్నాను.

"మిర్చి యార్డులో పెరిగినోణ్ణి, నాకేమవుద్దే!" అని నవ్వారు.

అంతలోనే మూకుట్లో కాయలు మాడిపోయాయి. దగ్గుకుంటూ హాల్లోకొచ్చి చూద్దును గదా, ఆయన గొంతు పట్టుకుని నేలమీద కూలబడి ఉన్నారు. ఊపిరి అందడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. ఎలాగో గడియ తీసి, "రండయ్యా, ఎవరన్నా రండి!" అని అరిచాను.

పక్కింట్లో పాట ఆగింది. ఎవరికి దగ్గు రాకూడదని తలుపులు మూశానో, వాళ్ళే దగ్గుకుంటూ లోపలికొచ్చి ఆయన్ని వరండాలోకి మోసుకెళ్ళారు. గాలి తగిలాక మెల్లగా ఊపిరి అందింది. కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "స్టవ్ కట్టేశావా?"

ఇటలీలో వారమంతా చప్పిడి తిండే తిన్నాం. అంత అందమైన సముద్రం పక్కన కూడా, ఆయన చిన్నగా దగ్గితే చాలు, నా చేయి తలుపు గడియ కోసం వెతికేది.