నాలుగు పేజీల కుర్చీ

ఆ రోజుల్లో నాకు తెలిసిన చదువంటే బట్టీ పట్టడమే. పుస్తకం మూసి, కళ్ళు మూసి, కామాతో సహా అప్పజెప్పగలిగితే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. ఆ విద్యతోనే ఇంటర్ గట్టెక్కాను, ఇంజనీరింగ్ గట్టెక్కాను, కెనడా వచ్చి కాలేజీలో చేరాను. కనిపించిన షాపులన్నిటిలో రెజ్యూమే ఇచ్చి కాళ్ళరిగాక, ఎటోబికోలో పాత ఫర్నిచర్ అమ్మే చోట పార్ట్‌టైమ్ దొరికింది. అది కూడా పోతే ఇంకెక్కడ అడగాలో నాకు తెలియదు.

షాపు ఓనరుకు నేనూ మా రూమ్మేట్ అక్కా పెట్టుకున్న పేరు టేకు తాత (ఆయనకు తెలియదు లెండి). మొదటి వారంలోనే నా చేతిలో నాలుగు పేజీలు పెట్టి, "శనివారం ఒకావిడ ఈ కుర్చీ చూడ్డానికి వస్తోంది. దీన్ని చేసిన బ్రిటిష్ కంపెనీ కథ నువ్వే చెప్పాలి. బాగా చెప్తే ఉద్యోగం ఖాయం" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంగ్లండులో కలప దొరక్క, విమానాల అల్యూమినియం కరిగించి సన్నటి కాళ్ళు పోతపోసి కుర్చీలు చేసిన కంపెనీ అది. ఆయన కథ అన్నాడు, నేను సిలబస్ అనుకున్నాను. మూడు రోజులు పప్పు కలుపుతూ కూడా వల్లె వేస్తుంటే అక్క, "ఏందే, గా కుర్చీ మీద ఎగ్జామ్ ఏమన్న రాస్తున్నవా?" అని నవ్వింది.

శనివారం వచ్చినావిడకు ఎనభై దగ్గర పడ్డట్టున్నాయి, చేతికర్ర ఉంది. నేను కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడి కథ అందుకున్నాను. రెండో పేరాలో ఆవిడ, "అమ్మాయ్, నేను కొంచెం..." అంది. అంతే, దారం తెగిపోయింది. బట్టీ పట్టినవాళ్ళను మధ్యలో ఆపితే మళ్ళీ అక్కణ్ణించి అందుకోలేరు (మీలోనూ ఉంటారు, నాకు తెలుసు). "యుద్ధం ముగిసిన తర్వాత" అంటూ మొదటికొచ్చాను. మూడో పేరాలో ఆవిడ చెయ్యెత్తింది. నేను మళ్ళీ యుద్ధం ముగించాను. కౌంటర్ వెనక టేకు తాత తల పట్టుకోవడం కనిపిస్తూనే ఉంది, కానీ నోరు ఆగితేగా! మూడో విడతలో నాలుగు పేజీలూ అయ్యాక ఆవిడ నెమ్మదిగా, "ఇప్పుడు కూర్చోవచ్చా? మోకాళ్ళు నొప్పి" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కూర్చుని, కుషన్ అంచున కుట్టు వేలితో తడిమింది. "ఇరవయ్యేళ్ళప్పుడు ఆ కంపెనీ ఫ్యాక్టరీలోనే ఇవి కుట్టేదాన్ని. అన్ని కుట్టినా ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు" అంది. నా నాలుగు పేజీల్లో ఆ ముక్క లేదు.

కుర్చీ ఆవిడే కొనుక్కుంది. టేకు తాత, "ఇకమీదట ముందు కూర్చోబెట్టు, తర్వాత చెప్పు" అని నా ఉద్యోగం ఖాయం చేశాడు.

ఇప్పుడు కాల్గరీలో ఉంటున్నాం. ఎవరొచ్చినా గుమ్మంలోనే కుర్చీ వేసి కూర్చోమంటాను. "అమ్మా, లెట్ దెమ్ టేక్ దేర్ షూస్ ఆఫ్!" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. ఎందుకో చెప్పబోతే మధ్యలో ఏదో అడుగుతుంది, నేను మళ్ళీ యుద్ధం ముగిసిన దగ్గర మొదలుపెడతాను. చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, ఆ రోజు దాన్ని కూడా ఎవరూ కూర్చోమనలేదు.