అవ్వ గుర్తుపట్టిన గుట్ట

ఉపగ్రహాలు తీసిన చిత్రాల్లో అడవిని చూడటం నా ఉద్యోగం. ఏ గుట్ట ఎప్పుడు ఎండింది, ఎక్కడ నిప్పంటుకుంది, వానలకు ఎంత పచ్చబడింది, ఏడాదికేడాది పోల్చి చూస్తాను. తెర మీద మంట ఒక ఎర్రచుక్క, అంతే.

ఒక మార్చి నెలలో చొప్పదండిలో మా ఇంట్లో కూర్చుని ఆసిఫాబాద్ అడవుల చిత్రం చూస్తున్నాను. మా అమ్మ, నేను అవ్వ అని పిలిచేదాన్ని, పుట్టి పెరిగింది ఆ అడవుల్లోనే. చింతపండు గింజలు తీస్తున్నదల్లా నా పక్కకు జరిగింది. వాగు వంపు చూసి, "గిది మా తల్లిగారి గుట్టనే గదా! గా ఎర్రది ఏంది బిడ్డా?" అంది.

"మంట అవ్వా. అడవి కాలుతుంది."

అవ్వ నవ్వింది. "అడవి గాదే. ఎవలో ఇప్పపువ్వు ఏరుతుండ్రు. చెట్టు కింది ఆకు కాలవెడితెనే పువ్వు కండ్లవడుతది. మేం గట్లనే ఏరినం. ఒక్కపారి నన్ను గాడికి తోల్కపోరాదు?"

"వచ్చే ఏడు పోదాం" అన్నాను. వచ్చే ఏడు రాకముందే అవ్వ పోయింది.

ఆ తర్వాత రెండేళ్లకు, చలి ఇంకా పూర్తిగా పోకముందే, ఆ గుట్ట పొడవునా చుక్కలు కనిపించాయి. అప్పటికి ఇప్ప పూయనే లేదు. అంతకు ముందు వానలు సరిగా పడక చిత్రంలో పచ్చదనం తొందరగా తగ్గిపోయింది. నేల మీద చూసి వస్తానని నేనే అడిగి బయలుదేరాను. పనులు తెమిలి వెళ్లేసరికి పువ్వు రాలే రోజులొచ్చాయి.

ఊళ్లో అవ్వ పేరు చెప్పగానే ఒక ముసలామె నా గడ్డం పట్టుకుంది. చిన్నప్పుడు అవ్వతో కలిసి పువ్వేరిన మనిషి. "దాని బిడ్డవా? నడక చూసే అనుకున్న" అంది. ఆమెను పెద్దమ్మా అని పిలిచాను.

"మంట ఎట్ల లేసింది పెద్దమ్మా?"

"మేం వెట్టలే బిడ్డా. పువ్వే లేనప్పుడు ఎందుకు వెడుతం? రోడ్డు దిక్కు నుంచి వచ్చింది. ఇదివరకు ఆకు కింద జర తడి ఉంటుండె, నాలుగడుగులు కాలి ఆరిపోతుండె. ఇప్పుడు అంటుకుంటే ఆగుతలేదు."

గుట్ట మీద వాళ్లిద్దరూ ఏరిన చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఒక పక్క మొదలు బొగ్గయింది, రెండో పక్క బతికే ఉంది. నల్లటి నేల మీద లేతపసుపు పువ్వులు పది పదిహేను రాలి ఉన్నాయి. వంగి ఏరాను. "మీ అవ్వ ఉంటే గంప నిండేదాక కదలకపోయేది" అంది పెద్దమ్మ. ఒకటి నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. కళ్లు నిండిపోయాయి.

తిరిగొచ్చి, ఆ మంట పువ్వేరేవాళ్లది కాదని, నేల ఎండిపోవడం వల్లే అంత దూరం పాకిందని రాశాను. ఆధారమేమిటని మా పై అధికారి అడిగితే చిత్రాల తేదీలు చూపించాను. ఒప్పుకున్నారు.

వానలకు గుట్ట తెర మీద మళ్లీ పచ్చబడింది. సంతోషంగా పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"పచ్చగనే ఉంది గని అంత గడ్డే బిడ్డా. కొత్త చెట్లు లేస్తలేవు" అంది.

ఆ యాస మా అవ్వది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి గుట్ట సంగతి అడుగుతాను. చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా ఆమె చెప్తుంది, నేను వింటాను.