చాపలో సగం

మా చెల్లెలు పోయింది. బంగారుపాళ్యంలో మామిడితోటకు బయలుదేరి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలోనే కూలబడిందట. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది.

పదో తరగతి తర్వాత నేను రాసిందేమీ లేదు. ఇప్పుడు కలం పట్టానంటే కారణం నా కూతురు. మైల రోజుల్లో తిరుపతిలో మా ఇంటి వరండాలో చాప మీద ఒంటరిగా కూర్చుని ఉంటే, అది గడపలో నిలబడి అడిగింది: "అమ్మా, నా కోసం ఏయించుకున్న సూదుల వల్లే చిన్నమ్మ పోయిందా?"

తను పుట్టడానికి అండం ఇచ్చింది చిన్నమ్మేనని దానికి తెలుసన్న సంగతే నాకు తెలియదు.

పెళ్ళై ఎన్నేళ్ళైనా నాకు పిల్లలు కలగలేదు. నా అండాలు పనికిరావని, ఇంకొకరి అండం మావారి బీజంతో కలిపి నా కడుపులో పెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. చెల్లెలికి అప్పటికే ఒక కొడుకు. నేను అడగలేదు. "అడగలేక సస్తా ఉండావు గదక్కా, నేనిస్తాలే," అంది. మరిది సరేనన్నాడు. అప్పట్లో తోబుట్టువు ఇవ్వడానికి వీలుండేది. ఇప్పుడు చట్టం వేరట.

ముందు రక్తపరీక్షలు, స్కానింగులు చేశారు. డాక్టరమ్మ చెల్లెల్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, ఎవరి బలవంతమూ లేదు గదా అని అడిగింది. నెలసరి వచ్చిన రెండో రోజు నుంచి రోజూ ఒకే వేళకు పొట్ట మీద సన్నని సూది వేయాలి. మామూలుగా నెలకు ఒక్క అండమే పండుతుందట, ఆ మందుతో ఒకేసారి చాలా పండుతాయట. మందు మా ఫ్రిజ్‌లో, స్వామికి తీసిపెట్టే పెరుగు గిన్నె పక్కన ఉండేది. అన్నాళ్ళూ చెల్లెలు మా ఇంట్లోనే ఉంది, సూది వేయడం నాకు నేర్పించారు.

చిక్కు అక్కడే వచ్చింది. నెలసరిలో ఉన్న మనిషిని మా ఇంట్లో ముట్టుకోరు. మూడు రోజులు వరండాలో చాప, విడిగా కంచం, చెంబు. నేను సూది పట్టుకుని గడపలోనే నిలబడిపోయాను.

"ఏమక్కా, ఆడినుంచే ఇసురుతావా? నా పొట్టేమన్నా మామిడికాయా, రాయేసి కొట్టేదానికి?"

"ఉండు మే. నిన్ను ముట్టుకుంటే నీళ్ళు పోసుకోవల్ల. దీపం కాడికి పోవల్ల గదా మళ్ళా."

"దీపం బావ పెడతాడులే. నువ్వొచ్చి కూసో."

వెళ్ళి కూర్చున్నాను. మిగిలిన రెండు రోజులూ ఆ చాప మీద సగం నాది, సగం దానిది. అక్కడే తిన్నాం, అక్కడే పడుకున్నాం. మావారు దీపం పెట్టారు. స్వామి ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

తర్వాత రెండు మూడు రోజులకోసారి లోపలినుంచి స్కానింగ్ చేసి, అండాలు ఎంత పెరిగాయో చూసేవారు. పోనుపోను దాని పొట్ట బరువెక్కి ఉబ్బింది. ఊరికే చిరాకుపడేది. "లోపల ఇడ్లీ పిండి పులిసినట్టుండాదక్కా," అనేది. బరువులు ఎత్తవద్దన్నారు. చివరి సూది మాత్రం చెప్పిన నిమిషానికే పడాలి, అండాలు తీసే వేళ దాన్నిబట్టే ఉంటుంది.

తీసే రోజు పొద్దున నీళ్ళు కూడా తాగకూడదు. అది మరిచి, కొండ నుంచి తెచ్చిన తీర్థం ఇవ్వబోయాను. అరచేత్తో పట్టి, తాగకుండా తల మీద చల్లుకుంది. "కాలీగా ఉండల్సింది కడుపక్కా, తల గాదు," అని నవ్వుతూ లోపలికి వెళ్ళింది. మత్తు ఇచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ సూదితో కిందినుంచి తీశారు. కోత లేదు, కుట్లు లేవు. అరగంట కూడా పట్టలేదు. లేచాక నెలసరి నొప్పిలాంటి నొప్పి, కాస్త రక్తం. సాయంత్రానికి ఇంటికి పంపారు. కొందరికి పొట్ట మరీ ఉబ్బి ఊపిరాడదట. అలాగైతే ఆగకుండా రమ్మన్నారు. దానికి ఉబ్బరం కొన్నాళ్ళుండి తగ్గింది. ఆ తర్వాత ఇంకో బిడ్డను కూడా కన్నది.

నొప్పి లేదని నా కూతురికి అబద్ధం చెప్పను. నొప్పి ఉంది, ఓర్చుకుంది. కానీ ప్రాణం తీసింది అది కాదు. గుండె డాక్టరును నేనే అడిగాను. "ఎప్పటి సూదులమ్మా అవి! దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు.

పాపకు చెప్పాల్సి వస్తే తనే చెబుతానని చెల్లెలు ఎప్పుడూ అనేది. "నువ్వు జెప్తే ఏడుస్తావు. ఏడిస్తే తప్పేదో జరిగినట్టుంటాది." పాప ఇప్పుడంది: తన ఇంటర్ పరీక్షలైన వేసవిలో, చిన్నమ్మ తోటలోనే చెప్పేసిందట. "అంటు మామిడి కాసినాక, కొమ్మ యాడిదని ఎవురడుగుతారు పాపా?" అందట. ఇద్దరూ నవ్వుకున్నారట. మావారు పోయినప్పటి నుంచీ పాప దగ్గర ఈ మాట దాచే బరువు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. పాపకు తెలుసు, ఇంక దించుకోమని చెల్లెలు నాకు మాత్రం చెప్పకుండానే వెళ్ళిపోయింది.

చెల్లెలు అన్నట్టే, నోటితో చెబితే ఏడుస్తాను. అందుకే రాశాను. పాప చదివాక ఈ కాగితాలు ఎవరి దగ్గరున్నా దాచి ఉంచండి, బయట చూపకండి. రేపు దానికి సంబంధాలు వస్తాయి. ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో దాని ఇష్టం.

మైల విడిచింది. చాప తడిపి ఆరేశాను. సాయంత్రం మళ్ళీ వరండాలో పరిచి కూర్చుంటే, నాకు తెలియకుండానే ఒక అంచుకు ఒదిగి ఉన్నాను. మిగతా సగం మీద ఎండ పడి, మెల్లగా గోడ వైపు జరుగుతోంది.