పిన్ని చెప్పిన సీరియల్

ఆదివారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఎదురింటి పిన్ని గోంగూర కట్టలు తెచ్చుకుని మా టీవీ ముందు కూర్చునేది. తొమ్మిదిన్నరకు హిందీ సీరియల్. నరసరావుపేటలో నేను కోర్టు గుమాస్తాను. వారానికోసారి ఒక పత్రికకు టీవీ కార్యక్రమాల మీద హాస్యంగా సమీక్ష రాసేవాణ్ణి. నాకు హిందీ రాదు. ఆ సంగతి పత్రికవాళ్లకు చెప్పలేదు. పిన్ని వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. భర్త లారీ మెకానిక్. ఆమె ఆకు తుంచుతూ చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి.

“అత్త ఏమంటోంది పిన్నీ?”

“కూరలో ఉప్పెక్కువైందంట. ‘వేసింది నీ కొడుకే, పోయి ఆయన్నడుగు’ అంటంది కోడలు.”

“మరి ఏడుస్తోందిగా?”

“ఉల్లిపాయలు తరిగిందిలే. నువ్వు రాసుకో అబ్బాయ్.”

రాసుకున్నాను. ఆ కోడలి నోటి దురుసు మీద నా శీర్షికకు మంచి పేరొచ్చింది. కోర్టులో ప్లీడర్లు కూడా ఆమె మాటలు చెప్పుకుని నవ్వేవారు.

ఎనిమిది నెలల తర్వాత ఎడిటర్ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల మాచర్ల నుంచి ఒక రిటైర్డ్ హిందీ మాస్టారు రాసిన ఉత్తరం: ‘ఆ కోడలు ఆరు వారాలుగా నోరే విప్పలేదు. మీ సమీక్షకుడు ఏ సీరియల్ చూస్తున్నాడు?’ కింద ఎడిటర్ చేతిరాత: ‘వారంలోగా సంజాయిషీ రాయండి. లేకపోతే శీర్షిక ఆపేస్తాం.’

ఉత్తరం పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. పిన్ని బట్టలు ఆరేస్తోంది.

“ఏంది పిన్నీ ఇది? నా కొంప ముంచావు.”

“ఆ పిల్ల వారం వారం ఏడుస్తంటే చూడలేకపోయా అబ్బాయ్. నాలుగు మాటలు నేనే అన్నా. ఏం, బాగలేవా?”

“చానా బాగున్నాయి. అదేగా వచ్చిన తంటా.”

“మీ ఎడిటర్ నవ్వాడా లేదా? నవ్వినోడికి సంజాయిషీ ఎందుకంట?”

జరిగింది జరిగినట్టు రాస్తాను, నీ పేరు కూడా వేస్తాను అన్నాను. ఆమె చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

“ఒరేయ్, ఆ పని మాత్రం చెయ్యమాక. అయ్యన్నీ ఇరవయ్యేళ్లుగా మా అత్తని అందామనుకున్నయ్యే. ఆమె ఇంకా బతికే ఉంది, లోపల మంచం మీద. చెవులు కూడా బాగానే పనిచేస్తన్నాయి.”

పేరు లేకుండానే రాశాను. నాకు హిందీ రాదని, మాటలన్నీ ఎదురింటావిడవని ఒప్పుకున్నాను. ఎడిటర్ ఆ సంజాయిషీనే ఆ వారం సమీక్షగా అచ్చు వేశాడు. తెర మీద ఏం జరిగిందన్నది వదిలేసి, ఇకపై టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఏమన్నారో రాయమన్నాడు. అలా మరో మూడేళ్లు రాశాను. వాళ్లత్త పోయాక కూడా పిన్ని తన పేరు వెయ్యనివ్వలేదు. అడిగితే, “ఆమెకి ఎట్టాగైనా తెలిసిద్దిరా” అనేది.

తర్వాత ఒక వేసవిలో పిన్ని జబ్బుచేసి చనిపోయింది. ఆ తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే కూర్చుని కొత్త సీరియల్ పెట్టుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లు అరగంటసేపు మాట్లాడుకున్నారు. ఏమనుకున్నారో నాకు తెలియలేదు. మర్నాడు ఎడిటర్‌కు కార్డు రాశాను.

ఆ శీర్షిక ఇప్పుడు రావడం లేదు.