చెంచమ్మ అన్న సగం మాట

అల్లూరు మండలంలో పెంచలప్రసాద్ అంటే ఏ ప్రసాద్ అని అడుగుతారేమో గాని, విలేకరి ప్రసాద్ అంటే సముద్రం ఒడ్డు పాలెం దాకా తెలియనివాళ్లు లేరు. వార్త రాసి, కవర్లో పెట్టి, నెల్లూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన రోజుల నుంచీ అతనికి అదే పని. తుఫానుకు పాలెంలో పడవలు పోయినప్పుడు అతని వార్త చూసే అధికారులు కదిలారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇంట్లో గ్యాసయిపోతే తెలీదు గాని, ఊళ్లో కరెంటు పోతే మాత్రం ఈయనకి ముందే తెలిసిపోతాది" అని భార్య సాయిలక్ష్మి దెప్పేది.

నెల్లూరు ఆఫీసులో ఆ కవర్లు విప్పి దిద్దేవాడు పెంచలకృష్ణ. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరారు. రాసినదాంట్లో ఒక్క పేరు అనుమానంగా ఉన్నా కృష్ణ ఫోన్ చేసేవాడు. "సరిగ్గా కనుక్కోని చెప్పు ప్రసాదూ. వాళ్లింట్లో వాళ్లు చదువుతారు" అనేవాడు. ప్రసాద్ వార్త రాయడం నేర్చుకున్నది ఆ ఫోన్లలోనే.

తర్వాత పత్రిక పేజీలు తగ్గాయి. జనం పేపరు మాని ఫోన్లు చూడటం మొదలుపెట్టారు. పత్రిక వెబ్‌సైటుకు కృష్ణ పెద్ద అయ్యాడు. ఇప్పుడతను పేర్లు సరిచూడమని ఫోన్ చేయడు, వీడియో ఎక్కడని చేస్తాడు.

మొన్న ఎండాకాలం పాలెం పక్కనున్న ఉప్పుకాలవలో చేపలు చచ్చి తేలాయి. ఎగువనున్న రొయ్యల గుంటల్లోంచి మందులు కలిసిన నీళ్లు రాత్రికి రాత్రి కాలవలోకి వదిలేస్తున్నారని పాలెం వాళ్ల గోడు. కెమెరా ముందుకు రమ్మంటే అందరూ వెనక్కి తగ్గారు. చేపలమ్ముకునే చెంచమ్మ ఒక్కతే గంప దించి నిలబడింది.

"నువ్వయితే చెప్తా అబ్బయా. నువ్వు మమ్మల్ని ఎప్పుడూ తప్పుగా రాయలా" అంది.

ప్రసాద్ ఫోన్ పట్టుకున్నాడు. ఆమె కాలవ వైపు చెయ్యి చూపించి నెమ్మదిగానే చెప్పింది. "ఈ నీళ్లే గదా వాళ్లు మళ్లా మోటార్లు పెట్టి తోడుకునేది. వాళ్ల పాపం వాళ్లకే తగులుతాది. రేపు వాళ్ల రొయ్యలూ ఇట్నే చచ్చి తేలతాయి, చూస్తా ఉండండి."

వీడియో, దానితోపాటు వార్తా పంపాడు. సాయంత్రానికి వెబ్‌సైటులో వచ్చింది. వార్త లేదు. చెంచమ్మ చివరి మాట ఒక్కటే ఉంది. పైన 'రొయ్యల్ని చంపేస్తామంటూ మహిళ హెచ్చరిక' అనే మాట ఎర్రటి అక్షరాల్లో, కింద ప్రసాద్ పేరు.

అతను వెంటనే ఫోన్ చేశాడు.

"ఏంది కృష్ణా ఇది? ఆమె చెప్పింది వేరే గదా."

"వీడియోలో ఆమె అనని మాట ఒక్కటైనా వేసినామా?"

"సగం కోసేసినారు."

"మొత్తం పెడితే ఎవరు చూస్తారు చెప్పు? నీ పేరుతో ఇంతమంది చూసింది ఎప్పుడన్నా ఉండాదా? సంతోషపడు."

తీసేయమని ప్రసాద్ బతిమాలాడు. చూద్దాంలే అని కృష్ణ ఫోన్ పెట్టేశాడు. వీడియో అట్లాగే ఉండిపోయింది.

వారం తిరగకముందే ఎగువ గుంట ఒకదాంట్లో తెగులు తగిలి రొయ్యలు చచ్చిపోయాయి. గుంట యజమాని ఆ వీడియో పట్టుకుని పోలీసుల దగ్గరికి పోయాడు. నీళ్లలో విషం కలిపిందని చెంచమ్మ మీద ఫిర్యాదు. చేపలమ్ముతున్న మనిషిని బజారులోంచే జీపెక్కించారు.

ఆ కబురు తెలిసేసరికి ప్రసాద్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి కడిగేసుకుని లేచాడు. దారిలో ఉండగా కృష్ణే ఫోన్ చేశాడు.

"పూర్తి వీడియో ఎవరికీ ఇవ్వబాక. అది సంస్థది. నువ్విచ్చినావంటే ఇంక నేనేమీ చెయ్యలేను."

"వాళ్లింట్లో వాళ్లు చదువుతారని నాకు చెప్పింది నువ్వే గదా" అన్నాడు ప్రసాద్.



స్టేషన్లో ఎస్సై పూర్తి వీడియో రెండుసార్లు చూశాడు. చెంచమ్మ గోడ పక్కన బల్ల మీద కూర్చుని తన గొంతు తానే వింటోంది గాని, ప్రసాద్ వైపు తల తిప్పలేదు. వీడియో తానే ఇచ్చినట్టు తెల్లకాగితం మీద రాయించి, అతని చేత సంతకం పెట్టించుకుని ఆమెను పంపేశారు.

మర్నాడు పత్రిక వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి అతన్ని తీసేశారు. ఆ తర్వాత రోజు అల్లూరు వార్తలొచ్చే పేజీలోనే అతని ఫోటో పడింది. 'ఈ వ్యక్తికి మా సంస్థతో ఎటువంటి సంబంధం లేదు. ఇతనితో లావాదేవీలు జరిపితే మాకు బాధ్యత లేదు' అని కింద రాసుంది. దొంగల ఫోటోలు అట్లా వేయడం అతనికి తెలుసు. టీకొట్టు దగ్గర నలుగురూ చదివి, అతను రాగానే పేపరు మడిచి పక్కన పెట్టేశారు. మొహం మీద ఉమ్మేసినా అంత బాధపడేవాడు కాడు.

కృష్ణకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేస్తే అసలు మోగనే లేదు.

అదే రోజు ఒక యూట్యూబ్ చానెల్ నుంచి ఎవరో పలకరించారు. "నీకు జరిగిన మోసం చెప్పన్నా, బాగా చూస్తారు" అన్నారు. "నాకొద్దులే తమ్ముడూ" అన్నాడు ప్రసాద్.

సాయంత్రం పాలెం పోయాడు. చెంచమ్మ ఇంటి ముందు చేపలకు ఉప్పు పట్టిస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నేను కొయ్యలేదక్కా."

"నాకేం తెలుస్తాది అబ్బయా. నేను చెప్పింది నీకు. కింద ఉండేది నీ పేరంట." ఆమె చేతులు ఆగలేదు. "స్టేషన్‌కి వచ్చినావు, మంచిదే. అయితే బజార్లో జీపెక్కించినప్పుడు చూసినవాళ్లు, నువ్వొచ్చి విడిపించినప్పుడు చూడలేదు గదా."

 పేపర్లో తన ఫోటో చూసినవాళ్లకూ అసలు సంగతి తెలీదు కదా అనుకున్నాడు గాని, ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు.

ఇప్పుడు ప్రసాద్ అల్లూరు సెంటర్లో బావమరిది హార్డ్‌వేర్ కొట్లో కూర్చుంటున్నాడు. ఉప్పుకాలవలోకి నీళ్లు వదులుతూనే ఉన్నారు. పాలెం వాళ్లు మేకులకో, తాళ్లకో కొట్టుకు వస్తే కాలవ సంగతి మాత్రం ఎత్తరు. చెంచమ్మ ఆ కొట్టు దాటి ఇంకాస్త దూరం నడిచి, వేరే కొట్లో కొనుక్కుంటుంది.