గుహ మట్టిలో ఎవరి ఎంగిలి?

మే 18, శనివారం, మిస్సిసాగా.

మా మనవరాలు మేఘన సోమవారంలోగా తేల్చుకోవాలి: ఇక్కడి మందుల కంపెనీలో ఉద్యోగమా, స్పెయిన్‌లో ఒక రాతి గుహ దగ్గర పది వారాల తవ్వకమా. మా అబ్బాయి "నువ్వు దాని ల్యాబ్‌కు వెళ్లి చూసి చెప్పమ్మా, నీ మాటే నా మాట" అని బరువు నా మీద పెట్టాడు. చూడకుండా నేను ఏదీ చెప్పను. ఇలాంటి ల్యాబ్ చూడదలచిన పెద్దవాళ్లకు పనికొస్తుందని ఈ రోజే రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదికి మేఘన కారులో 401 హైవే మీద పడమరగా బయలుదేరాం. కేంబ్రిడ్జ్ దగ్గర ఐదు డాలర్లకు రెండు కాఫీలు తాగి, తొమ్మిదిన్నరకు మేఘన చదివే యూనివర్సిటీ చేరాం. అక్కడ వారాంతంలో పార్కింగ్ ఉచితం. పులిహోర ఇంటి నుంచే తెచ్చాను కాబట్టి మరో ఖర్చు లేదు.

ల్యాబ్‌లో బల్ల మీద ఇటుకంత మట్టి దిమ్మ ఉంది. నియాండర్తల్ అనే ఆదిమానవులు బతికిన ఆ స్పెయిన్ గుహ నేలను పొరలు చెదరకుండా కోసి, జిగురు పట్టించి గట్టిపరిచారట. అడుగున ఎర్రగా కాలిన మట్టి, దాని మీద బొగ్గు, ఆపైన బూడిద. ఆ వరుస చెదరలేదంటే పొయ్యి అక్కడే వెలిగిందని, అన్నీ కలిసిపోయి ఉంటే నీటిలో ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఉండవచ్చని మేఘన వివరించింది.

తర్వాత అదే గుహలో దొరికిన ఒక జింక ఎముకను మైక్రోస్కోప్ కింద పెట్టింది. పంటి గుంటలు కనిపించాయి. దుమ్ములగొండి తిని వదిలింది ఆ మనుషులు ఏరుకున్నారన్నమాట అనేశాను.

"తొందరపడకు నానమ్మా. లెఫ్టోవర్స్ ఎవరివి అన్నదే నా క్వశ్చన్."

"గిన్నెలో మిగిలిన పులుసు మిగులే. నోరు తగిలితేనే ఎంగిలి. నువ్వు అడుగుతున్నది ఏది?"

"ఎంగిలి. ఎవరి నోరు ఫస్ట్ అని."

మళ్లీ చూడమంది. రాతి పనిముట్టుతో కోసిన సన్నని గీత, దాని అంచును చెరిపేస్తూ పంటి గుంట. అంటే కోత ముందు, పన్ను తర్వాత. అయితే దుమ్ములగొండే మనుషుల ఎంగిలి తిందన్నాను.

"ఈ ఒక్క బోన్‌లో. మిగతావి చూడకుండా చెప్పలేను. అవి ఇంకా గ్రౌండ్‌లోనే ఉన్నాయి."

నేను తెలుసుకోవడానికి వచ్చింది అదే. ల్యాబ్‌లో తిండి నిషేధం కాబట్టి బయట పచ్చికలో కూర్చుని పులిహోర తిన్నాం. అక్కడే, వెళ్లమని చెప్పాను. డాడ్ ఏమంటారో అని నసిగింది. మీ నాన్న మాట నా దగ్గరే ఉందన్నాను.

ఎంగిలి అన్న మాటను ఇన్నాళ్లూ పిల్లలను కసరడానికే వాడాను. వేల ఏళ్ల నాటి భోజనం గురించి అడగడానికి అంత సరైన మాట మరొకటి లేదని ఈ రోజు తెలిసింది. తిరుగుదారిలో మేఘన పాటలు గట్టిగా పెట్టింది, తగ్గించమనలేదు. మీరు వెళ్తే ఒక జాగ్రత్త: పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి, చెప్పులతో ల్యాబ్‌లోకి రానివ్వరు.

ఇక జరగవలసినవి:

1. మేఘన రేపు సాయంత్రంలోగా తవ్వకానికి ఒప్పుకుంటూ రాయాలి, కంపెనీకి మర్యాదగా కారణం చెప్పాలి.
2. మా అబ్బాయి విమానం టికెట్ కొనాలి, మొహం ముడుచుకోకుండా.
3. చివరికి దుమ్ములగొండే ముందు తిన్నదని తేలితే, మేఘన అలాగే రాయాలి.